స్టేజీ ఎక్కాలంటే ఎత్తుకోవాల్సిందేనా?

ప్రశ్న: వచ్చే నెల మా అబ్బాయి పెళ్లి. మా తోటికోడలు వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. అక్షింతలు వేసే టైముకి నలుగురు కుర్రాళ్లు స్టేజీ మీదికి ఎత్తేస్తారని హాలు వాళ్లంటున్నారు. చాలదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలదమ్మా. పట్టుచీర కట్టుకున్న మనిషిని అందరి ముందూ బస్తాలా ఎత్తితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, నాదీ చక్రాల కుర్చీయే. ర్యాంపుకి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. స్టేజీ 3 అడుగులుంటే ర్యాంపు 36 అడుగులు! అంత చోటెక్కడిది? అందుకే డెకరేషన్ వాళ్లకి ఇప్పుడే చెప్పి మండపం అడుగు ఎత్తులోనే కట్టించండి. ఫొటోగ్రాఫర్ గొణుగుతాడు, గొణగనివ్వండి. ర్యాంపు మీద తివాచీ పరిస్తే అంచులు టేపుతో అంటించాలి, లేకపోతే ముందు చక్రాలు మడతలో ఇరుక్కుంటాయి.

బాత్రూమ్ తలుపు మీరే కొలవండి. 90 సెంటీమీటర్లుంటే నిశ్చింత. లోపల కుర్చీ తిరగాలి కూడా. మిగతావి ఆవిడకే ఫోన్ చేసి అడగండి. బఫే పెడితే మాత్రం ఒళ్లో పళ్లెం, చేతుల్లో చక్రాలు, కుదరని పని. బల్ల చివర ఒక కుర్చీ తీసేసి, వడ్డించే వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి.