ఏం కావాలని అడిగితే ఏం చెప్తావు బిడ్డా?

బిడ్డా,

నువ్వు థెరపీకి పోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు, ఏదో దొంగతనం బయటపడ్డట్టు గొంతు తగ్గించి. "మన పిల్లకేం తక్కువైంది చెల్లే?" అన్నాడు. తక్కువేం లేదు, మనకన్నా ధైర్యం ఎక్కువున్నది అన్నాను. అన్నానే గాని రాత్రి నాకు కన్ను అంటుకోలేదు. అక్కడికి పోయి కూడా మర్యాదగా మాట్లాడి వచ్చేస్తావేమోనని నా భయం. చిన్నప్పుడు నేను సూది వేస్తుంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకొని "నొప్పి లేదత్తా" అన్న పిల్లవు నువ్వు.

ముందు మామూలు సంగతులు. మందులు రాసేది సైకియాట్రిస్టు, మాటలతో నయం చేసేది సైకాలజిస్టు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ, అంటే కేంద్రం వాళ్ల పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, మొహమాటపడకుండా అడుగు. మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. బాగైంది కదా అని నీ అంతట నువ్వు ఆపకు. నువ్వు చెప్పింది మీ నాన్నకు చేరవేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, ప్రాణం మీదికి రావడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. అర్ధరాత్రి మనసు ఆగకపోతే సర్కారు వాళ్ల టెలీ మానస్ లైను 14416కు ఫోన్ చెయ్యి, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ముప్పై ఏళ్లు ఏఎన్‌ఎంగా ఊర్లు తిరిగినదాన్ని, ఇవన్నీ నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చినదాన్ని నేనేం చేశానో విను.

2002 కరువులో మన బత్తాయి తోట ఎండింది. నీకప్పుడు మూడేళ్లు. రెండు బోర్లు ఫెయిలయ్యాక మీ మామ ఇక చాలన్నాడు. నేను వినలేదు. నాలుగు తులాల గొలుసు కుదువబెట్టి పాయింట్ చూసేటాయనను పిలిపించాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తోటంతా తిరిగాడు. ఒకచోట కాయ నిలువునా లేచి నిలబడింది, నా కండ్లతో చూశాను. బండి వచ్చి 380 అడుగులు దింపింది. పొద్దుగూకే దాకా బూడిద లాంటి దుమ్మే లేచింది. ఆకుల మీద దుమ్ము, మీ మామ మీసాల మీద దుమ్ము. చెంబెడు తడి రాలేదు. ఆ ఎండాకాలం చెట్లు కొట్టి కట్టెల కింద అమ్ముకున్నాం. అప్పటి నుంచి మీ మామ నాతో మాట బంద్ చేశాడు. పెడితే తినేవాడు, అంతే.

నాకు నిద్ర పోయింది. హైదరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. "ఇక్కడికి వచ్చినందుకు మీకేం కావాలమ్మా?" అని మొదటి రోజే అడిగాడు. "మా ఆయన మళ్లా మాట్లాడాలె సారూ" అన్నాను. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులో నాలుగుసార్లు పోయాను, నాలుగుసార్లూ మీ మామ కథే చెప్పి వచ్చాను. ఐదోసారి డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "ఆయన రాలేదు కదమ్మా, వచ్చింది మీరు" అన్నాడు. నాకు మండింది. పైసలిచ్చి మాట పడాల్నా అని మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గొలుసు సంగతి ఆయనకు చెప్పనే లేదు బిడ్డా. మూడో బోరు నా మొండితనం అని చెప్పలేదు. మీ మామకు అన్నీ తెలుసు, అయినా ఒక్కనాడు ఎత్తిపొడవలేదు. నన్ను తిన్నది అదే. "ఇది నా వల్లే అయింది" అని ఒక్క మనిషి ముందు నోరు తెరిచి అంటే చాలు, నిద్ర వచ్చేదేమో. డాక్టరు దగ్గర ఏదీ దాచొద్దమ్మా అని ఊరందరికీ చెప్పిన దాన్ని.

అందుకే పోయే ముందు ఒక కాగితం తీసుకొని నీకేం కావాలో రాసుకో. సంతోషంగా ఉండాలి అని రాయకు, దాన్ని ఏ తూకం మీద పెట్టి చూస్తారు? మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు మేనేజర్ ఫోన్ మోగగానే చేతిలో తంగేడు పూలు గంపలో పడేసి వంటింట్లో గోడకు ఆనుకొని నిలబడ్డావు. ఎత్తలేదు, కట్ చేయలేదు. నేను చూశాను. ఆ ఫోన్ కడుపులో తిప్పకుండా ఎత్తగలగాలి అని రాయి. ఆదివారం సాయంత్రం నుంచే ఏడుపు వస్తుందన్నావు, అదీ రాయి. మేనేజర్ మారాలి, అమ్మ సంబంధాలు చూడటం ఆపాలి అని మాత్రం వద్దు. వాళ్లు ఆ కుర్చీలో కూర్చోరు కదా. "ఒక ఏడాది ఆగమ్మా" అని గొంతు వణకకుండా అనడం నీ చేతిలో పని. నాలుగైదుసార్లు పోయాక, అనుకున్న దారిలోనే పోతున్నామా అని నువ్వే అడుగు. కోపం వస్తే నాలాగా అలిగి రాకు, కోపం వచ్చిందని అక్కడే చెప్పు. మనిషి నిజంగానే కుదరకపోతే ఇంకొకరిని చూసుకో. కాగితం కింద ఒక లైను ఖాళీగా ఉంచు, ఎవరికీ చెప్పొద్దనుకున్న దానికి.

సాయంత్రం టైం పెట్టుకోకు, చీకట్లో ఆటోల్లో తిరుగుతావంటే నాకు టెన్షన్. వెయ్యి రూపాయలు వేస్తున్నా, మీ నాన్నకు చెప్పకు. మీ మామ ఫోన్ తీసుకొని అడిగితే పన్ను నొప్పికి పోతున్నానని చెప్పు.

వద్దులే, ఉన్నదే చెప్పు.

మీ అత్త