సమాధానం: రెండో బేస్ దగ్గర బంతి ఎగరడం, పాప చీలమండ

అక్కా, హన్మకొండలో మీ బడి సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లో బంతి ఒక్కసారిగా ముఖం మీదికి లేస్తోందని, రెండో బేస్‌లోకి (పరుగెత్తే పిల్ల తాకాల్సిన దిమ్మె) జారుతూ వెళ్లిన పాపకు చీలమండ మెలిక పడిందని రాశారు. రెండింటికీ కారణాలు వేరు.

బంతి ఎగరడం మట్టి వల్లే. మీది నల్లరేగడి కదా, ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పైపైన ఎన్నిసార్లు చదును చేసినా నిలవదు. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య చోటు) వరకైనా 4 అంగుళాలు తీసేసి, ఎర్రమట్టిలో ఇసుక కలిపి నింపి, నీళ్లు చల్లి రోలర్ తిప్పించండి. మట్టి జల్లెడ పట్టడం మాత్రం మానొద్దు, ఒక్క గులకరాయి చాలు పన్ను ఊడడానికి. బ్యాటర్ నిలబడే చోట, బంతి విసిరే పిచ్చర్ కాలు దిగే చోట పడే గుంటల్లో పొడిమట్టి పోస్తే మర్నాటికే లేచిపోతుంది. తడిపి, బంకమట్టి వేసి, దిమ్మిసతో కొట్టాలి.

పాప కాలికి దెబ్బ బేస్ వల్ల. సిమెంటులో బిగించిన బేస్ కదలదు, కాలే మెలిక పడుతుంది. గట్టిగా తగిలితే ఊడొచ్చే బేస్‌లు దొరుకుతాయి, అవే వేయించండి. మొదటి బేస్‌కు తెలుపు, నారింజ జంట బేస్ మంచిది. తెలుపు ఫీల్డర్‌కు, ఫౌల్ గీత (ఆట హద్దు గీత) అవతలి నారింజ పరుగెత్తే పిల్లకు. గుద్దుకోవడం చాలా తగ్గుతుంది.

రేపటి నుంచే ఆటకు ముందు పిల్లలను వరుసగా నడిపించి రాళ్లు, గాజుపెంకులు ఏరించండి. వాపు, నొప్పి పోయి కాలు మామూలుగా ఆనేదాకా పాపను ఆడించకండి అక్కా.