పాట వినిపించే ముందు దాని కథ చెప్పాలా?

"జాజ్, శాస్త్రీయ సంగీతం అలవాటు లేని స్నేహితులకి వినిపించేటప్పుడు ప్రతిదాని వెనక సంగతులు చెప్పడం అవసరమా? ఊరికే వింటే చాలదా?" అని అడిగారు.

చాలదు. చెప్పి తీరాలి. అయితే ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తున్నారు. నాకు ఆ తేడా తెలిసింది హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు.

అప్పుడు మేం విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. 2014 అక్టోబరు 12, ఆదివారం తుపాను తీరం దాటింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. మా గేటు ముందు చెట్టు కూలి అడ్డంగా పడింది. నా కారు బయట రోడ్డు మీదే ఉండిపోయింది. చీకటి పడేసరికి అందరూ ఆ కారు దగ్గరికి చేరేవాళ్లు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి. మనిషికి పది నిమిషాలు. పెట్రోలు బంకుల దగ్గర ఎంత పెద్ద క్యూలుండేవో విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా మూడో రోజు రాత్రి, పిల్లలు చీకట్లో బిక్కుబిక్కుమంటూ ఉంటే, స్టీరియో పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో ముందు వచ్చింది అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'సో వాట్'.

రెండో అంతస్తు మామ్మగారు కుర్చీ వేయించుకుని కారు పక్కనే కూర్చున్నారు. చిన్నప్పుడు విజయనగరంలో పాట నేర్చుకున్నావిడ. నేనేమీ చెప్పలేదు. అందులో బేస్, అంటే మంద్రంగా పలికే పెద్ద తీగల వాద్యం, ఏదో అడుగుతున్నట్టు పలుకుతుంది, మిగతావాళ్లు రెండే రెండు స్వరాలతో జవాబిస్తారు, మన భజనల్లో అందుకున్నట్టు. మామ్మగారి వేళ్లు ఒళ్లో తాళం వేస్తున్నాయి. "ఖరహరప్రియలాగుంది నాయనా" అన్నారు. నా ఒళ్లు జలదరించింది. ఆ స్వరాలు నిజంగా అవే. ఆ స్వరాల వరసని పడమటి వాళ్లు డోరియన్ అంటారు, కర్ణాటక సంగీతంలో మేళకర్తలనే 72 మూల రాగాల్లో ఖరహరప్రియ 22వది.

కాసేపటికే ఆవిడ మొహం చిట్లించారు. "అదేటి, శ్రుతి జారిపోయింది? తప్పు వాయించేసేరు, ఆపెయ్."

ఆపాను. "తప్పు కాదు మామ్మగారూ, కావాలనే జరిపారు. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తం అనుకోండి. మొదటి 16 ఆవర్తాలు మీరన్న స్వరాలే. తర్వాత 8 ఆవర్తాలు మొత్తం ఒక్క స్వరస్థానం పైకి వెళ్తుంది. మళ్లీ 8 ఆవర్తాలకి సొంత చోటికి వచ్చేస్తుంది. చివరిదాకా అదే చక్రం" అన్నాను. అంతే, ఇంకొక్క మాట చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

ఈసారి ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మార్పు వచ్చే చోట సరిగ్గా చెయ్యి పైకెత్తారు. అది చూసి పిల్లలూ లెక్కపెట్టడం మొదలెట్టారు. మూడో చక్రానికల్లా "ఇప్పుడూ!" అని అరుస్తున్నారు. ఇందాక తప్పుగా వినబడిన చోటు కోసమే ఇప్పుడు అందరూ ఎదురు చూస్తున్నారు. మారిందల్లా నేను చెప్పిన ఆ నాలుగు ముక్కలే.

మిగతా కథ పాట అయ్యాక చెప్పాను. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేశారని, వాయించేవాళ్లకి పెద్దగా రిహార్సల్ లేదని, ఇంత మేరకి ఈ స్వరాలు అని ఇచ్చి మిగతాది వాళ్లకే వదిలేశారని. "మనోధర్మం అన్నమాట" అన్నారావిడ, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడటాన్ని మనవాళ్లు అనే మాట అది. "కానీ గమకం లేదు నాయనా, స్వరాన్ని ఊపి పలికించడం లేదు, అంచేత రాగం కాదు." ఇన్నేళ్లలో నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటైన మాట దొరకలేదు. వెంటనే ఖరహరప్రియలో త్యాగరాజస్వామి 'పక్కల నిలబడి' అందుకున్నారు. రాముడికి చెరో పక్కా నిలబడి సేవ చేస్తున్న సీతమ్మనీ లక్ష్మణుణ్నీ, ఆ ముచ్చటేమిటో నాకూ చెప్పరాదా అని అడిగే కీర్తన. ఒంగి దణ్ణం పెడుతున్నారా, చనువుగా నామం పాడుతున్నారా, మనసులో తలుచుకుని ఒళ్లు మరిచిపోతున్నారా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. అంతా తెలుగే. అక్కడున్న పెద్దవాళ్లలో ఒక్కరికీ ఆ అర్థం తెలియదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అమెరికా వాళ్ల జాజ్‌కి వివరణ కావాలంటే సరే, మన మాటలకే మనకి వివరణ కావలసి వస్తోంది.

అందుకే నా పద్ధతి ఇది: చెవికి ఏం పట్టుకోవాలో ముందు చెప్పండి, అది ఎందుకు పుట్టిందో తర్వాత చెప్పండి. జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 'అలబామా' వినిపిస్తే ముందు "శాక్సఫోన్ ఎవరో ప్రార్థన చదువుతున్నట్టు నడుస్తుంది, వినండి" అంటాను. అయ్యాక చెప్తాను, 1963 సెప్టెంబరు 15న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాంలో నల్లవాళ్ల చర్చిలో బాంబు పేల్చి నలుగురు ఆడపిల్లల్ని చంపారని, ఆయన దీన్ని రెండు నెలలకి, నవంబరులో రికార్డు చేశాడని. ముందే చెబితే జనం విషాదాన్ని వింటారు, సంగీతాన్ని వినరు. తర్వాత చెబితే "మళ్లీ పెట్టు" అంటారు. ఎప్పుడూ ఇలాగే జరిగింది.

మన సభల్లో ముందు చెప్పేదీ ఉండదు, తర్వాత చెప్పేదీ ఉండదు. ఒక కచేరీలో శాలువాలకీ ముఖ్య అతిథుల ప్రసంగాలకీ ముప్పావుగంట పోయింది, ప్రధాన కీర్తన రాగం పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మొదలవగానే సగం మంది చెప్పులు వెతుక్కున్నారు. ఆ మృదంగం ఏం లెక్క కడుతోందో ఒక్క నిమిషం చెప్పి ఉంటే లేచేవాళ్లు కాదు. ఇక ఫలానా రాగం వింటే బీపీ తగ్గుతుందని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు మరీ అన్యాయం. అలాంటి కథ కంటే ఏ కథా లేకపోవడమే మేలు. ఈ ఊళ్లోనే పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్‌ని పక్కవాద్యం స్థానం నుంచి వేదిక మధ్యకి తెచ్చారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన పేరు మీద కళాక్షేత్రం కట్టుకున్నాం, ఆయన వాయిద్యం పిల్లలకి వినిపించే బడి మాత్రం నాకింతవరకు కనబడలేదు.

మీ స్నేహితులకి 'సో వాట్'తోనే మొదలుపెట్టండి. 16, 8, 8 అని చెప్పి ఊరుకోండి. మామ్మగారు ఇప్పుడు విజయనగరంలో కొడుకు దగ్గరున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పైకెళ్లి దిగేది ఓసారి పెట్టు నాయనా" అంటారు. ఫోన్‌ని స్పీకర్ పక్కన పెడతాను.