తుంగభద్ర డ్యామ్‌లో పూడిక ఎందుకు తీయరు?

మీ ప్రశ్న ఇది: తుంగభద్రలో పూడిక తీసేస్తే ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) కింద రబీకి నీళ్లు అందుతాయి కదా, ఎందుకు తీయరు? మాదీ ఆదోని వైపు ఎల్లెల్సీ చివరి ఆయకట్టే. టీ కొట్టు దగ్గర ఈ మాట రాని ఎండాకాలం లేదు. నాకు తెలిసినంతలో అది అయ్యే పని కాదు. రాజకీయం సంగతి తర్వాత, ముందు లెక్కే కుదరదు.

1953లో డ్యామ్ పూర్తయ్యేనాటికి సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. 2016 సర్వేలో తేలింది 105.78. అంటే సుమారు 27 టీఎంసీల జాగాను మట్టి ఆక్రమించింది. (2008 సర్వేలో 100.85 అని వచ్చింది. మధ్యలో ఎవరూ ఐదు టీఎంసీల మట్టి ఎత్తిపోయలేదు, కొలతల్లో తేడా అంతే.) ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పర్‌కు పది ఘనపు మీటర్లు పడతాయనుకుంటే 28 లక్షల ట్రిప్పులు. రోజుకు వెయ్యి ట్రిప్పుల చొప్పున ఏడాది పొడవునా తోలినా, ఒక్క టీఎంసీకే దాదాపు ఎనిమిదేళ్లు. పైగా మట్టి బయటపడేది ఎండాకాలంలోనే. ఎత్తిన మట్టి ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. 2017లో అక్కడి రైతులు కడుపు మండి సొంతంగా పూడిక తీయడం మొదలుపెట్టారు. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి, కానీ ట్రిప్పుల లెక్క మారదు కదా.

గేట్లెత్తి మట్టిని కిందికి వదలొచ్చుగా అంటారు. ఆ 33 గేట్లు ఉన్నది పైన. అవి వదిలేది పై ఇరవై అడుగుల నీళ్లనే. నది జలాశయంలోకి చేరి నెమ్మదించగానే ఇసుక, బరువైన మట్టి ఎగువ కొసనే దిగిపోతాయి. సన్నటి ఒండ్రు మాత్రం కొంచెం ముందుకొచ్చి అడుగున కూర్చుంటుంది. అందుకే గేట్లెత్తితే ఆ మట్టి కదలదు.

ఇదంతా గనుల మట్టే అని మనవైపు ఒక నమ్మకం. గనుల వాటా లేదనను. కానీ డ్యామ్‌కు నీళ్లిచ్చే నేల 28 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో ఎంతో భాగం సేద్యపు భూమి. తొలకరికి ముందు దుక్కి చేసి వదిలిన నల్లరేగడి మీద ఒక్క గట్టి వాన పడితే ఏమవుతుందో మా చేనిలోనే చూశాను. వాలు వెంబడి సాళ్లు తోలిన వైపు సాలుసాలూ కాలువైపోయింది, చేని కొసన గట్టు తెగి వంకలోకి టీ రంగు నీళ్లు. అడ్డంగా గుంటక తోలిన పక్క చేనిలో నీళ్లు సాళ్లలోనే నిలిచాయి. పూడికను ఆపాలంటే అక్కడే, పైనున్న చేలల్లోనే ఆపాలి. డ్యామ్ దాకా వచ్చాక చేసేది తక్కువ.

కర్ణాటక వాళ్లు నవలి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అంటున్నది అందుకే. మట్టి జోలికి పోకుండా వరద నీళ్లను వేరే చోట నిలుపుకోవాలన్న ఆలోచన. మన వాటా తేలకుండా దానికి తలూపకూడదని నా అభిప్రాయం.

ఇంకో మాట. అక్టోబరు దాకా వరద వస్తూ ఉన్న ఏడు పూడిక సంగతి మనకు గుర్తే రాదు. జులై, ఆగస్టుల్లో ఒకేసారి ముంచెత్తి ఆగిపోయిన ఏడే దెబ్బ. డ్యామ్‌లో పట్టనిదంతా సుంకేశుల బ్యారేజీ మీదుగా శ్రీశైలం పోతుంది, మనకు ఫిబ్రవరికే టెన్షన్. అయితే చివరి మడికి నీళ్లు రాకపోవడానికి పూడిక ఒక్కటే కారణం కాదు. కాలువ కర్ణాటకలో చాలా దూరం నడిచి వస్తుంది, దారి పొడవునా మోటార్లు. మన డిస్ట్రిబ్యూటరీల్లో (పిల్ల కాలువల్లో) జమ్ము, తూటికాడ లాంటి కలుపు, ఒండ్రు. ఈ పూడికైతే తీయగలిగిందే. కాలువ కట్టేసిన నెలల్లో అందరూ కలిసి పోయి ఇంజనీర్ల మీద ఒత్తిడి పెట్టండి. జూన్‌లో అడిగితే టెండర్ల టైమ్ దాటిపోయిందంటారు.

ఊరి చెరువు పూడిక కూడా అంతే, తీయొచ్చు, లాభమూ ఉంది. మేము ఎర్రనేల చెక్కలోకి తోలించాం. అంతకుముందు పది రోజులు వాన లేకపోతే వాడిపోయే వేరుశనగ ఆ తర్వాత ఇంకొన్నాళ్లు తట్టుకుంది. నల్లరేగడికి మాత్రం తోలకండి, డబ్బు దండగ. తోలించే ముందు పిడికెడు మట్టి తడిపి నలిపి చూడండి, గరగరమంటే ఇసుక ఎక్కువని అర్థం. చౌడు ఉందేమో మట్టి పరీక్ష చేయించండి. ఏప్రిల్‌లో తోలి కుప్పలు చేనంతా చల్లేస్తే, ఎండకు పగిలిన గడ్డలు తొలి వానకే విచ్చుకుంటాయి.