అల్లుడికి: ఎస్‌ఎస్‌డీల పరీక్ష గురించి

అల్లుడూ, ఆశీస్సులు.

అమలాపురంలో దుకాణం తెరుస్తున్నావనీ, పెళ్లి వీడియోలు తీసేవాళ్లకి ఫైళ్లు దాచుకునే డ్రైవులైన ఎస్‌ఎస్‌డీలు నువ్వే పరీక్షించి ఇస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది.

పరీక్షలకి ఒక కంప్యూటర్‌ని విడిగా పెట్టెయ్. బిల్లులూ గేములూ దానిమీద వద్దు. విండోస్ ఒక డ్రైవులో ఉండాలి, పరీక్షించేది వేరే డ్రైవు కావాలి. యాంటీవైరస్, అప్‌డేట్లు ఆపి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. మదర్‌బోర్డు మీదే బిగించే సన్నని ఎం.2 డ్రైవుల్ని ఎప్పుడూ ప్రాసెసర్‌కి నేరుగా కలిసే స్లాట్‌లోనే బిగించు. ఆ స్లాట్ మూడో తరంది (జెన్ 3), నాలుగు లేన్లది, అంటే డేటా నడిచే దారులు నాలుగున్నదైతే, వేగం సెకనుకి సుమారు 3,500 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. సెకనుకి 7,000 ఎంబీ వేగమున్న డ్రైవు అందులో పెట్టి డ్రైవుని తప్పుపట్టకు.

అసలు సంగతి క్యాష్, అంటే డ్రైవు ముందుగా గబగబా రాసుకునే తాత్కాలిక చోటు. ఇప్పటి డ్రైవుల్లో ఒక్కో సెల్‌లో (డేటా దాచే అతిచిన్న గదిలో) మూడు, నాలుగు బిట్లు దాస్తారు. అలా రాయడం నెమ్మది. అందుకే ఖాళీగా ఉన్న చోట ముందు ఒక్కో బిట్టే గబగబా రాసి, తీరిక దొరికినప్పుడు డ్రైవు సర్దుకుంటుంది. వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రామ్ మామూలుగా రాసే 1 జీబీ ఫైలు మొత్తం ఆ క్యాష్‌లోనే ఇమిడిపోతుంది, అంకె ఘనంగా కనిపిస్తుంది. ముహూర్తం అయ్యాక 300 జీబీ ఒక్కసారే కాపీ చేసుకునే కుర్రాడికి ఆ అంకెతో పనిలేదు. ఫియో అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో, డైరెక్ట్ ఆప్షన్ (కంప్యూటర్ మెమరీలో ఆగకుండా నేరుగా డ్రైవుకే రాసేది) పెట్టి, డ్రైవు నిండేదాకా ఆపకుండా రాయించు. సెకను సెకనుకీ వేగం నమోదు చెయ్యి. ఎన్ని జీబీల దగ్గర వేగం కూలిందో, కూలాక ఎంత మిగిలిందో చూడు. నేనైతే ఆ రెండు అంకెలు చూడకుండా ఏ డ్రైవూ అమ్మను. తర్వాత అంతా చెరిపి, 80 శాతం నింపి మళ్లీ చెయ్యి, క్యాష్ ఎంత కుంచించుకుపోతుందో తెలుస్తుంది. కంప్యూటర్ చురుగ్గా తెరుచుకోవడం కావాలనేవాళ్లకి మాత్రం క్యూ డెప్త్ 1లో 4కె ర్యాండమ్ రీడ్, అంటే అక్కడక్కడి చిన్న ముక్కల్ని ఒక్కొక్కటిగా చదివే వేగం, చూపించు.

ఒక్క జాగ్రత్త. రాయించేటప్పుడు ఫియోకి ఫైలు కాకుండా డ్రైవు పేరే ఇస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఎంటర్ నొక్కేముందు సీరియల్ నంబరు చదువు. ఒకసారి తొందరలో నేను చదవలేదు. ఒకాయన కూతురి పెళ్లి ఫోటోలు పోయాయి, ఎంత ప్రయత్నించినా తిరిగి రాలేదు. ఆయన ముఖం నాకింకా గుర్తే.

మన కోనసీమలో మే నెల ఉక్కపోత నీకు తెలిసిందే. డ్రైవు వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున చేసిన పరీక్షనీ మధ్యాహ్నం చేసినదాన్నీ పోల్చకు. ఫ్యాను ఒకే దూరంలో ఉంచి, గది వేడీ డ్రైవు వేడీ పక్కనే రాసుకో. పరీక్షకీ పరీక్షకీ మధ్య రాసింది చెరిపి పావుగంట వదిలెయ్, చల్లబడుతుంది, క్యాష్ కూడా సర్దుకుంటుంది. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకో.

కరెంటు పోతే అప్పటిదాకా చేసిందంతా వృథా. మన దగ్గర గాలివాన రోజుల్లో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, ఆదివారం రావులపాలెం వచ్చి పట్టుకెళ్లు. మీ అత్త పనసపొట్టు కూర వండుతానంటోంది.

మీ మావయ్య