ఇంటర్ మానేస్తానంటున్న మా హారికకు

హారికా,

నీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఇంటర్ మధ్యలో ఆపేసి బాస్కెట్‌బాల్ అకాడమీలో చేరతానని, మూడేళ్లలో ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతానని రాశావు. మీ నాన్నేమో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) అయ్యేదాకా బంతి ముట్టుకోవద్దంటున్నాడు. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమంటున్నారు. ఫోన్‌లో తేలే మాట కాదిది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు, తర్వాత నాన్నకి కూడా ఇవ్వు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఆట ఆపొద్దు, ఇంటర్ కూడా ఆపొద్దు. మధ్యేమార్గం కోసం ఇలా అనడం లేదు. మన దేశంలో ఒక ఆడపిల్ల బాస్కెట్‌బాల్ మీద బతకడానికి ఉన్న దారులన్నీ మార్కుల మెమో అడుగుతాయి. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్లకు గానీ తెలియలేదు.

ప్రొఫెషనల్ అనగానే నీ కళ్ల ముందు అమెరికా లీగ్ కదులుతుంది. ఇక్కడ అమ్మాయిలకు ఏడాది పొడవునా జీతమిచ్చే లీగ్ లేదు. ఇక్కడ ప్రొఫెషనల్ ప్లేయర్ అంటే ఉద్యోగంలో ఉండి, ఆ సంస్థ జట్టుకు ఆడే మనిషి. అమ్మాయిల ఆటలో ముందు చెప్పుకోవలసింది రైల్వేస్. సీనియర్ నేషనల్స్‌లో ఆ జట్టును ఓడించడమే మిగతా రాష్ట్రాలకు పెద్ద పని. పోలీసు, బ్యాంకులు, మరికొన్ని ప్రభుత్వ సంస్థలు కూడా ఆటగాళ్లను తీసుకుంటాయి. నేనూ ఒక ప్రభుత్వ సంస్థ జట్టులో పన్నెండేళ్లు ఆడాను. పొద్దున ఆరింటికి గ్రౌండ్, పదింటికి ఆఫీసు, సాయంత్రం మళ్లీ గ్రౌండ్. టోర్నీలకు ప్రత్యేక సెలవు ఇచ్చేవారు. ఆ ఉద్యోగమే ఇప్పటికీ మా ఇల్లు నడుపుతోంది. దాన్ని చిన్న విషయంగా చూడకు, తల్లీ.

రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ ఒకటి తెచ్చుకుని చదువు. మనకు దగ్గర్లో ఉన్నది దక్షిణ మధ్య రైల్వే, దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే సికింద్రాబాద్‌లో ఉంది. ఓపెన్ ట్రయల్స్‌తో తీసుకునేటప్పుడు వందకి మార్కులు ఇలా వేస్తారు. ట్రయల్స్‌లో నీ ఆట, ఫిట్‌నెస్, కోచ్ అంచనా కలిపి 40. ఆడిన టోర్నీల్లో సాధించిన స్థానాలకు 50. చదువుకు 10. వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి. ఈ లెక్కను బాగా చూడు. అందరికంటే పెద్ద వాటా సర్టిఫికెట్లది. ట్రయల్స్ రోజు ఎంత బాగా ఆడినా, గుర్తింపు ఉన్న టోర్నీలో చూపించుకోవడానికి స్థానం లేకపోతే యాభై మార్కులు పోయినట్టే. కాబట్టి ఏ టోర్నీకైనా వెళ్లే ముందు, ఇది బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ గుర్తించినదేనా అని అడుగు. వచ్చిన ప్రతి సర్టిఫికెట్ అసలు కాపీ ఇనప్పెట్టెలో, స్కాన్ మీ నాన్న ఫోన్‌లో, ఇంకోటి నా దగ్గర ఉండాలి. నాతో ఆడిన ఒక అమ్మాయి జూనియర్ నేషనల్స్ సర్టిఫికెట్ వానలో తడిసిపోతే డూప్లికేట్ కోసం ఎనిమిది నెలలు తిరిగింది. అంతలో ఆమెకు ఇరవై ఐదు దాటాయి.

ఇక అమెరికా సంగతి. ఆ కల వద్దని నేననను. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ సదరన్ రైల్వేలో ఆడుతూ ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి జట్టు రింగ్‌వుడ్‌కి ఆడారు. 2011లో అమెరికా అమ్మాయిల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మూడు జట్లు, షికాగో, లాస్ ఏంజెలెస్, శాన్ ఆంటోనియో, ఆమెను ట్రయల్స్‌కి పిలిచాయి. మనమ్మాయికి అలాంటి పిలుపు రావడం అప్పుడు మాకందరికీ పండగే. కాంట్రాక్ట్ మాత్రం రాలేదు. అప్పట్లో ఆ లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, మొత్తం కలిపి నూట యాభై చోట్లు కూడా లేవు. వాటి కోసం ప్రపంచంలోని మంచి ప్లేయర్లందరూ వస్తారు. గీతూ వెనక్కి వచ్చి మళ్లీ ఇక్కడ ఆడారు. వెనక్కి రావడానికి ఆమెకొక ఉద్యోగం, ఒక జట్టు ఉన్నాయి. నీకు కూడా అలాంటిది ఒకటి ఉండాలని నా ఆశ.

ఇప్పటి పిల్లలకు ఇంకో దారి తెరుచుకుంది. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి, హర్సిమ్రన్ కౌర్ యూనివర్సిటీ ఆఫ్ శాన్ డియేగోకి వెళ్లి అక్కడి కాలేజీ జట్లలో ఆడారు. అక్కడి పెద్ద కాలేజీ జట్టులో చేరాలంటే తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా పదహారు ముఖ్య సబ్జెక్టుల మార్కులు చూస్తారు. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ వాటిలో ఉంటాయి. నువ్వు ఇంటర్ ఆపేసిన రోజే ఆ తలుపు నీ చేత్తో నువ్వే మూసుకున్నట్టు. అందుకే అంటున్నాను, ఎంసెట్ ర్యాంకు కోసం కాకపోయినా ఈ దారి కోసమైనా లెక్కలు వదలకు.

అకాడమీలు మంచివా చెడ్డవా అని అడిగావు. నేర్పే మనిషిని బట్టి ఉంటుంది. భిలాయిలో రాజేశ్ పటేల్ గారని ఒక కోచ్ ఉండేవారు, 2018లో పోయారు. ఛత్తీస్‌గఢ్ అమ్మాయిలను జూనియర్ నేషనల్స్‌లో ఏళ్ల తరబడి గెలిపించారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఎందరో పేదింటి పిల్లలు రైల్వేలో ఉద్యోగాల్లో కుదిరారు. నువ్వు చూస్తున్న అకాడమీని ఒక్కటే అడుగు: గత ఐదేళ్లలో మీ దగ్గర ఆడిన అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? పేర్లు చెప్పగలిగితే వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడు. గోడ మీద ఫొటోలు మాత్రమే చూపిస్తే వచ్చేయ్.

ఇప్పుడు నీ ఆట గురించి. నువ్వు ఐదడుగుల పదకొండు అంగుళాలు. నేనూ అంతే. నన్ను పద్నాలుగేళ్లప్పుడు రింగు కింద నిలబెట్టారు. పొడుగు కదా, అక్కడే ఉండు, బంతి వస్తే వెయ్యి, రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతి, అదే రీబౌండ్ పట్టు, డ్రిబుల్ చేయకు అన్నారు. జిల్లాలో, రాష్ట్రంలో అది సరిపోయింది. ఇండియా క్యాంపుకి వెళ్లిన రోజు చూస్తే నాకంటే పొడవైన వాళ్లు ఐదుగురున్నారు. అక్కడ నా ఎత్తుకి ఫార్వర్డ్‌గా, అంటే రింగుకు దూరంగా బయట ఆడాలి. నాకేమో రింగుకు పది అడుగుల దూరం నుంచి షాట్ పడదు, ఎడమ చేత్తో డ్రిబుల్ రాదు. మొదటి వడపోతలోనే పంపేశారు. ఆ రాత్రి రైల్లో అప్పర్ బెర్త్ మీద పడుకుని తెల్లారేదాకా ఏడ్చాను. తర్వాత రెండేళ్లు చిన్నపిల్లలా మొదటి నుంచి షాట్ నేర్చుకున్నాను.

నీ కోచ్ కూడా నిన్ను రింగు కిందే నిలబెడుతున్నాడని రాశావు కదా. మ్యాచ్‌లో ఆయన చెప్పినట్టే ఆడు, ఎదురు చెప్పకు. ప్రాక్టీస్‌కి ముప్పావుగంట ముందు వెళ్లి బంతిని నడిపించే గార్డ్ స్థానంలో ఆడే పిల్ల చేసే పనులన్నీ నువ్వూ చెయ్యి. రెండు చేతులతో డ్రిబుల్, ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి జంప్ షాట్, చివరగా 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత నుంచి. వేసినవి కాదు, పడినవి లెక్కపెట్టు. రోజుకు రెండు వందలు పడేదాకా ఇంటికి రావద్దు. ఫ్రీ త్రోలు మాత్రం బాగా పరిగెత్తి ఆయాసపడుతున్నప్పుడు వెయ్యి. మ్యాచ్‌లో ఊపిరి అందకుండా ఉన్నప్పుడే అవి వస్తాయి. లెక్క ఒక నోట్‌బుక్‌లో రాయి, నెలకోసారి నాకు ఫొటో పంపు.

జట్టుకు ముగ్గురేసి ఆడే త్రీ ఇంటూ త్రీ కూడా ఆడు. టోక్యో నుంచి అది ఒలింపిక్స్‌లో ఉంది. సగం కోర్టు, పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు. షాట్ వేయడానికి పన్నెండు సెకన్లే. అందులో పొడుగు పిల్ల మూల నిలబడడానికి వీల్లేదు, అందరూ డ్రిబుల్ చేయాలి, అందరూ గీత బయట నుంచి వేయాలి, అందరూ కాపలా కాయాలి. నీకు కావలసింది అదే.

ఇప్పుడు మోకాలు. దీని మీద ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది.

అమ్మాయిలకు మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్, ఏసీఎల్ అంటారు, అది తెగే ప్రమాదం అబ్బాయిల కంటే చాలా ఎక్కువ. ఎవరూ తోయకుండానే, రీబౌండ్ పట్టి కిందికి దిగుతున్నప్పుడో, పరిగెడుతూ ఉన్నట్టుండి ఆగి తిరిగినప్పుడో తెగిపోతుంది. కిందికి దిగేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగితే అది ప్రమాదం. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, పాదాల వేళ్ల వైపే మోకాళ్లు ఉండేట్టు, చప్పుడు లేకుండా దిగడం నేర్చుకోవాలి. ప్రతి ప్రాక్టీస్‌కి ముందు పదిహేను నిమిషాలు ఈ దూకి దిగే వ్యాయామాలు, ఒంటికాలి స్క్వాట్లు, తొడ వెనక కండరాలకు వ్యాయామం. ఇవి చేసే జట్లలో ఈ దెబ్బలు తగ్గుతాయని స్పోర్ట్స్ డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. నా రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదు. చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి ఆట మొదలుపెట్టేవాళ్లం, అదీ సిమెంట్ కోర్టు మీద.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక టోర్నీ సెమీస్ ముందు రోజు మోకాలు వాచింది. జట్టుతో వచ్చిన ఒక పెద్దాయన ఇంజెక్షన్ ఇప్పించి ఆడమన్నాడు. ఆడనంటే స్వార్థం అంటారేమోనని భయపడి ఆడాను. మూడో క్వార్టర్‌లో టప్ మని శబ్దం వినిపించింది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆపరేషన్, ఆ తర్వాత పదకొండు నెలలు కోర్టుకు దూరం. తిరిగి వచ్చాను గానీ ముందున్న వేగం రాలేదు. నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్‌తో ఆడమని ఎవరన్నా, ఎంత పెద్దవాళ్లన్నా, ఆడనని చెప్పు. చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను చెబుతాను.

ఇంకొన్ని సంగతులు అమ్మ దగ్గర కూడా అడగవని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. రక్తం తక్కువైతే నువ్వెంత ప్రాక్టీస్ చేసినా నాలుగో క్వార్టర్‌లో కాళ్లు లేవవు. బరువు తగ్గాలని అన్నం మానకు. వరుసగా మూడు నెలలు పీరియడ్ రాకపోతే, ఆడే పిల్లలకు అది మామూలేలే అని ఎవరన్నా నమ్మకు. తిన్నది చాలడం లేదని ఒంటి మొర అది. ఎముకలు కూడా బలహీనపడతాయి. లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి తాగొద్దు. దగ్గు మందైనా సరే, మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ నాడా పాటించే నిషేధ జాబితాలో ఉందో లేదో డాక్టర్‌ని అడిగాకే వేసుకో. తెలియక తాగానంటే వినరు. పరీక్షలో దొరికితే రెండేళ్లు, నాలుగేళ్లు నిషేధం పడుతుంది. ఆడపిల్లకి ఈ ఆటలో ఉండే వయసులో నాలుగేళ్లంటే సగం జీవితం.

క్యాంపులో కోచ్ గాని, మేనేజర్ గాని ఒంటరిగా గదికి రమ్మంటే వెళ్లకు. రాత్రిపూట ఆటతో సంబంధం లేని మెసేజ్‌లు వస్తే చెరిపేయకు, దాచి నాకు చూపించు. ఇలాంటివి వినే అంతర్గత కమిటీ పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతి సంస్థలోనూ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. జట్టులో చోటు పోతుందని భయపడకు. నీ వెనక నేనున్నాను, మీ నాన్న కూడా ఉంటాడు. వాడు కోపిష్టే, కానీ ఇలాంటి చోట వాడికి మించిన అండ లేదు.

చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై పేరు విన్నావా? సదరన్ రైల్వే ప్లేయర్. తొమ్మిది ఆసియా ఛాంపియన్‌షిప్‌లు ఆడారు. 2017లో బెంగళూరులో ఆసియా కప్ డివిజన్ బి ఫైనల్లో మన జట్టు కజకిస్థాన్‌ని 75-73తో ఓడించింది. ఆ జట్టులో ఆమె ఉన్నారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను. ఉద్యోగం చేస్తూ, జట్టుకు ఆడుతూ, అంతకాలం ఒంటిని కాపాడుకుంటూ వచ్చిన ప్లేయర్ ఆమె. నిన్ను ఊహించుకున్నప్పుడు నా మనసులో ఉండేది ఆ రూపమే.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఎంసెట్ కోచింగ్ సాయంత్రం బ్యాచ్‌కి మారిస్తే పొద్దుటి ప్రాక్టీస్ నిలబడుతుంది. దానికి వాడు ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను. నువ్వు మాత్రం సెకండియర్ ఫీజు కట్టే రోజున గొడవ పెట్టకు.

ఈ ఆదివారం నీ స్నేహితురాలి చేత ఒక వీడియో తీయించు. నువ్వు రింగు కింద పదిసార్లు ఎగిరి రీబౌండ్ పట్టి దిగాలి, ఎదురుగా నిలబడి మోకాళ్లు కనబడేట్టు తీయమను. మొహం కనబడకపోయినా ఫర్వాలేదు. ఏ సిమెంట్ కోర్టు మీద దిగుతున్నావో, ఏ బూట్లు వేసుకున్నావో కూడా కనబడాలి. బూట్ల అడుగు భాగం అరిగిపోయి ఉంటే చెప్పు, సైజు పంపితే ఇక్కడి నుంచి కొని పంపుతాను.

మీ అత్త