రాలిన ముక్కల లెక్క: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

బెర్లిన్‌లోని బెస్సీ-2 సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను మహావేగంతో తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రం) వాయుస్థితిలోని అయాన్లను, అంటే విద్యుదావేశమున్న పరమాణువులను, అణువులను, ఒక ఉచ్చులో బంధించి, చల్లబరిచి, ఎక్స్-కిరణాలతో పరిశీలించే ప్రయోగాలపై నీవు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. అయితే మొదటి పేరాలోనే "అయాన్లకు ఎక్స్-రే తీస్తారు" అన్నావు. ఆ మాటతో పాఠకుడి మనసులో ఆసుపత్రి ఫిల్ము మెదులుతుంది, తరువాత నీవెంత సరిగా రాసినా ఆ బొమ్మ చెరగదు.

అక్కడ కావలసింది బొమ్మ కాదు, ఏ శక్తి గల కిరణాన్ని అయాన్లు ఎంత పీల్చుకుంటాయన్న లెక్క, అంటే శోషణ. ఘనపదార్థమైతే లోపలికి వెళ్లిన కిరణమెంత, బయటికి వచ్చినదెంత అని చూసి శోషణను లెక్కగట్టవచ్చు. ఉచ్చులో ఘన సెంటీమీటరుకు మహా అయితే కొన్ని కోట్ల అయాన్లుంటాయి. మనం పీల్చే గాలితో పోలిస్తే అది దాదాపు శూన్యమే కనుక కిరణంలో తరుగు కొలతకు అందదు. అందుకే అక్కడివారు ముక్కలను లెక్కపెడతారు. ఫోటాన్ (కాంతి రేణువు) పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను పైకి నెట్టిన కొన్ని ఫెమ్టోసెకన్లలోనే (సెకనులో వందకోట్ల వంతులో పదిలక్షల వంతు ఒక ఫెమ్టోసెకను) పై ఎలక్ట్రాన్ ఒకటి ఆ ఖాళీలోకి దిగుతుంది, విడుదలైన శక్తితో మరొకటి బయటికి ఎగిరిపోతుంది. ఇలా విద్యుదావేశం పెరిగిన అయాను తరచు విరిగిపోతుంది. ఫోటాన్ శక్తిని మెల్లగా పెంచుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా రాలిన ముక్కల సంఖ్యను గుర్తిస్తూ పోతే వచ్చే గీతే స్పెక్ట్రం. చీకట్లో మామిడిచెట్టు మీదికి రాళ్లు విసిరి, రాలిన కాయలను బట్టి ఎన్ని తగిలాయో చెప్పడం లాంటిది. (ఈ పోలిక కూడా కొంతదూరమే వస్తుంది, ఇక్కడ రాయి తగలడం దాని శక్తిని బట్టి ఉంటుంది.)

"గడ్డకట్టే చలి" అని రాసి వదిలేశావు. నీరు గడ్డకట్టేది 273 కెల్విన్ల దగ్గర. ఇక్కడ హీలియం వాయువు అయాన్లను 20 కెల్విన్ల దరిదాపులకు దింపుతుంది. అంత చలి ఎందుకో చెప్పకపోతే అంకె వృథా. వేడి అయాన్లు కంపిస్తూ, ఒక్కొక్కటి ఒక్కో స్థితిలో చెదిరి ఉండి, స్పెక్ట్రాన్ని మసకబారుస్తాయి. పైగా అయస్కాంత ధర్మాలను కొలవాలంటే కొన్ని టెస్లాల బలమైన అయస్కాంత క్షేత్రంలో వాటి అయస్కాంత భ్రామకాలు (ప్రతి అయానూ ఒక చిన్న అయస్కాంతమనుకో) ఒక దిక్కుకు తిరగాలి, వేడి కదలిక దానిని చెదరగొడుతుంది.

ఉచ్చును "పాల్ ట్రాప్" అన్నావు. అది 1989లో నోబెల్ పంచుకున్న వోల్ఫ్‌గాంగ్ పాల్ పేరని ఒక్క ముక్క చేర్చు, లేకపోతే మనవాళ్లకు పాలే గుర్తుకొస్తాయి.

నీ వ్యాసానికి ప్రాణం నాలుగో పేరాలోని మాంగనీసు. దాని శోషణ 640 ఎలక్ట్రాన్ వోల్టుల (ఫోటాన్ శక్తికి కొలమానం) దగ్గర మొదలై, ఆక్సీకరణ స్థితి (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లను వదులుకుందన్న లెక్క) పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. ద్రావణి గానీ, పక్కనున్న స్ఫటికం గానీ జోక్యం చేసుకోని చోట ఆ జరుగుదలను చూడగలగడమే ఈ శ్రమకు కారణం. అక్కడి నుంచి మొదలుపెట్టి తిరగరాసి పంపు.